వానకాలం మేస్త్రి

మార్చి 6

తర్వాత నేనే మాట మార్చకుండా ముందే రాసి పెట్టుకుంటున్నాను. ఇది ఇల్లు కాదు, మకాం. ఈ డైరీలో ఎక్కడా దీన్ని ఇల్లని రాయను.

నాలుగో అంతస్తు. రెండు గదులు, వంటగది, బయట అందరికీ కలిపి ఒక పొడుగాటి వరండా. వరండాలో నిలబడితే ఎదురుగా ఇలాంటి మేడలే, వాటి వెనక ఇంకా మేడలు, ఆ వెనక ఇసుక. చెట్టన్నది లేదు. తలుపుల సంగతి రాయకపోవడమే మేలు. అట్టముక్కల మీద చెక్కలా కనబడే కాగితం అతికించారు. వేలితో కొడితే ఖాళీ డబ్బా మోగినట్టు మోగాయి. బతుకంతా తలుపులు చేసినవాణ్ణి తీసుకొచ్చి ఇలాంటి తలుపుల వెనక పడుకోబెట్టారు.

మా ఆవిడకి ఇక్కడ నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. చుక్క నీరు పుట్టని ఊళ్ళో నీళ్ళ పరీక్ష! వెంట వచ్చాను. పెళ్ళాం కొంగు పట్టుకుని పోయాడని అక్కడ అనుకుంటారు, అనుకోనీ. ఎవడి కొంగు పట్టుకుంటే వాళ్ళకేం? పట్టుకున్నది నా పెళ్ళాం కొంగే కదా.

పనిముట్లన్నీ అక్కడ మా ఊళ్ళో షెడ్డులోనే ఉన్నాయి. తాళం బావమరిది దగ్గర ఉంది. పెట్టెలో పట్టింది ఒక చిత్రిక, రెండు ఉలులు, మడత స్కేలు. బట్టలు తగ్గించి అవి పెట్టుకున్నాను.

మార్చి 8

నీలి గుర్తున్న కుళాయి తిప్పితే చెయ్యి కాలింది. పైన ట్యాంకు ఎండకి కాగుతుందట. అందుకని గీజరు ఆపేసి, ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పుకోవాలట. గీజరులో నీళ్ళు నీడన ఉంటాయి కాబట్టి అవే చల్లనట. ఊరు ఊరంతా తలకిందులు.

"అలవాటైపోతుంది బావా" అంది ఆవిడ. ఆవిడ నా మేనమామ కూతురు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తుంది. అలవాటు చేసుకోనని చెప్పాను. ఏ ఎండకా గొడుగు పట్టే రకం కాదు నేను. నీలి కుళాయి కిందే బకెట్ పెట్టి, చల్లారేదాకా కూర్చుని, అప్పుడు స్నానం చేశాను. ఆవిడ ఆఫీసు బస్సుకి ఆలస్యమైంది.

మార్చి 17

చిత్రికకి పదును పెట్టాను. పనేం లేదు. పదును పోకుండా చూసుకోవాలి కదా.

ఏప్రిల్ 2

వంటగది కిటికీ తీయొద్దని ఆవిడ చెప్పి వెళ్ళింది. కిటికీ ఉన్నది తీయడానికే. తీశాను. మధ్యాహ్నానికి ఆకాశం పసుపురంగు తిరిగి, గాలి మీద ఊరి చుట్టూ ఉన్న ఇసుకంతా మా వంటగదిలోకే నడిచొచ్చింది. మూసేలోపే బియ్యం డబ్బా, పక్కగుడ్డలు, నా నోరు నిండిపోయాయి. సాయంత్రందాకా ఊడ్చి, తుడిచి, ఆవిడ వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఆవిడ బల్ల మీద వేలితో ఏదో రాసి స్నానానికి వెళ్ళింది. లేచి చూస్తే దుమ్ములో 'బావ' అని ఉంది. బల్ల తుడవడం మరిచిపోయానన్నమాట.

ఏప్రిల్ 3

నవ్వొచ్చిందని నిన్న రాయలేదు. వచ్చింది.

ఏప్రిల్ 20

పక్క వాటాలో ఒకావిడ ఉంది. కారు నడపడం నేర్పుతుంది, ఒక్కతే ఉంటుంది. ఈ ఊరొచ్చి ఎంతకాలమైందంటే, తను వచ్చినప్పుడు ఈ మేడ ఉన్నచోట మేకలు తిరిగేవట. వయసులో నాకంటే పెద్దది, డ్రైవింగ్ అక్కయ్య అంటున్నాను. నన్ను తమ్ముడూ అంటుంది. మాట మహా పదును.

నేను వరండాలో ఉలి సానబెట్టుకుంటుంటే వచ్చి నిలబడింది. ఆ ఉలికి కోయడానికేమైనా ఉందా, లేక ఊరికే భయపెట్టడానికా అని అడిగింది. పనుంటే చెప్పండన్నాను. తన వీధి తలుపు చూపించింది. అట్టతలుపు, కింద పుచ్చిపోయి పొరలు లేచింది, దాంట్లోంచి దుమ్ము రోజూ చేటెడు వస్తుందట. మంచి చెక్కతో తలుపు చేసిస్తానన్నాను. నీ ఇష్టం అంది. ఇష్టం కాదు, చేస్తాను. ఈ ఊరికి తలుపంటే ఏమిటో చూపిస్తాను.

మే 5

కలప అడితి ఊరి అవతల ఉంది. ఆటో కూడా దొరకలేదు, నడిచే వెళ్ళాను. దార్లో నీడ కనబడినచోటల్లా ఆగాను. నీడ కనబడింది తక్కువ. అడితివాడు ఈ ఎండలో నడిచొచ్చారా అని అడిగి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాడు. అలసిపోలేదని చెప్పాను. తర్వాత చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను. కర్ర మాత్రం బాగుంది. నిలువు గీతలు తిన్నగా, ఒక్క ముడి లేకుండా ఉన్నాయి. చెయ్యేస్తే ప్రాణం లేచొచ్చింది.

మే 19

తలుపు బిగించాను.

ఎంత బాగా కుదిరిందో రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. పలకలు, అంచులు, బందులు, గడియ, ఒక్కచోట వంక పెట్టడానికి లేదు. చుట్టూ ద్వారబంధానికీ రెక్కకీ మధ్య నాణెం దూరేంత సందు వదిలాను. మా నాన్న నేర్పిన పద్ధతి అది. 'తలుపుకి వానకాలం చోటు వదలరా, లేకపోతే మొదటి ముసురుకే ఉబ్బి బిగుసుకుంటుంది' అనేవాడు. నాణెం పెట్టి చుట్టూ తిప్పేవాడు. నేనూ అలాగే తిప్పాను. చెయ్యి తనంతట తానే చేసుకుపోయింది.

అక్కయ్య తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. తాళం పడిన చప్పుడు విని, "కారు తలుపులాగా పడిందే" అంది. ఆ సందులో రబ్బరేమైనా పెడతావా, కారు తలుపు చుట్టూ పెట్టినట్టు, అని అడిగింది. రబ్బరు పెట్టింది తలుపెలా అవుతుందండీ, సీసా మూత అవుతుంది గానీ, అన్నాను. వాచ్‌మన్ కూడా పైకొచ్చి చూశాడు. తన గదికీ ఒకటి చేయమంటాడేమో అనుకున్నాను. అడగలేదు.

ఆవిడతో చెప్పాను. భోజనం చేస్తున్నంతసేపూ తలుపు కబుర్లే చెప్పాను. వింది. చాలారోజుల తర్వాత నా కంచంలో రెండోసారి అడక్కుండా వడ్డించింది.

జూన్ 24

ఎండ. ఇంకేం లేదు.

జులై 11

అక్కయ్య పిలిచింది. తలుపు మూసి నన్ను వరండాలో నిలబెట్టి, తను లోపల నిలబడి, తన వేలు సందులోంచి బయటికి పెట్టింది. చిటికెన వేలు కాదు. చూపుడు వేలు.

ఇక్కడి గాలికి కర్రలో ఉన్న తేమంతా ఆవిరైపోయి రెక్క కుంచించుకుపోయింది. నేను వదిలిన సందుకి అది ఇంకో సందు కలుపుకుంది. గదిలో చూస్తే నేల మీద ఇసుక, సందు ఎక్కడుందో అక్కడ తిన్నగా గీత గీసినట్టు పడి ఉంది. "నీ తలుపు బంగారం తమ్ముడూ. తెరవక్కర్లేకుండానే బయట ఎవరొచ్చారో తెలుస్తోంది" అంది.

వానకని వదిలాను అన్నాను. అక్కయ్య కోప్పడలేదు, నవ్వనూ లేదు. "వానకా" అంది. అంతే. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

జులై 12

వాచ్‌మన్ నాకు పేరు పెట్టాడు. వానకాలం మేస్త్రి. లిఫ్టులో ఇద్దరు ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. నేనూ ఆ లిఫ్టులోనే ఉన్నాను.

జులై 13

మేడ దిగలేదు.

జులై 20

ఆవిడ అడిగింది, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, ఆ సందెందుకు వదిలావు బావా అని. నేను చెప్పాను. ఇక్కడ వానెక్కడుంది అంది. ఎప్పుడో ఒకప్పుడు పడదా అన్నాను. పడుతుందేమోగానీ, ఎప్పుడో పడే వానకోసం రోజూ దుమ్ము తినమంటావా పాపం అక్కయ్యని, అంది.

అక్కడికి ఊరుకుంటే సరిపోయేది. నేనూరుకోలేదు. తలుపు తప్పు కాదు, ఊరి తప్పు అన్నాను. చెక్కని పిప్పి చేసే గాలి, చేతులు కాల్చే కుళాయిలు, ఇది మనుషులుండే చోటేనా అన్నాను. నన్నిక్కడికి తీసుకురమ్మని నీకెవరు చెప్పారు అన్నాను. అలా అనాల్సింది కాదు.

ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, మార్చకుండా.

"నేను ఈ ఊరొచ్చాను బావా. నువ్వు రాలేదు. నన్ను దింపడానికొచ్చావు. దింపేసి నెలలైంది, ఇంకా గుమ్మంలోనే నిలబడ్డావు. లోపలికైనా రా, లేదా వెళ్ళనైనా వెళ్ళు. నేను మాత్రం రాను. ఈ పని నాకిష్టం."

జులై 21

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషిని కాదు నేను. కానీ ఈ కుందేలుకి నిజంగా మూడే కాళ్ళు.

ఆగస్టు 9

చిత్రికకి పదును పెట్టాను.

ఆగస్టు 30

బావమరిది ఫోన్ చేశాడు. వర్షాలు జోరుగా పడుతున్నాయట, షెడ్డు మీద చప్పుడు వినిపించాడు. ఎవరో పెద్దిల్లు కడుతున్నారట, తలుపులన్నీ నువ్వే చేయాలని కూర్చున్నారు బావా అన్నాడు. నవంబరులో వస్తానని చెప్పేశాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చినమాట వెనక్కి తీసుకోవడం నా వల్ల కాదు.

ఆవిడకి చెప్పాను. సరే అంది. టికెట్ తనే చూస్తానంది. తనే చూసింది కూడా, మంచి సీటు, కిటికీ పక్కన. ఒక్కసారైనా వద్దంటుందని అనుకోలేదు నేను. అస్సలనుకోలేదు.

సెప్టెంబరు 14

రాయడానికేం లేదు.

సెప్టెంబరు 15

రాయడానికేం లేదు.

అక్టోబరు 3

ఆవిడకి సాయంత్రాలు కాళ్ళు లాగుతున్నాయి, రోజంతా నిలబడే పని. రాత్రి కాళ్ళు పడుతుంటే నిద్రపోయింది. నేను వెళ్ళాక ఎవరు పడతారు? ఇన్నాళ్ళూ ఎవరు పట్టారని. ఒకరు లేరని ఎవరి కాళ్ళూ ఆగిపోవు. కాళ్ళు నొప్పి పుడితే వేణ్ణీళ్ళు పోసుకుంటుంది, నీలి కుళాయి ఉండనే ఉంది.

నవంబరు 5

వెళ్ళేముందు అక్కయ్య తలుపు సరిచేశాను. ఓడిపోయి కాదు. చేసిన పని మీద మాట పడితే వెళ్ళినచోట నిద్రపట్టదు, అందుకు. సన్నటి బద్దలు కోసి, రెక్క అంచుల వెంట బంక పెట్టి అతికించి, చిత్రిక పట్టి, ద్వారబంధానికి ఒరుసుకునేట్టు కుదిర్చాను. నాణెం కాదు, కాగితం కూడా దూరదు. అక్కయ్య లోపలినుంచి దీపం వేసి చూపించింది. వెలుతురు చుక్క బయటికి రాలేదు.

"ఇప్పుడైంది ఈ ఊరి తలుపు" అంది. మెచ్చుకోలుగానే అంది. నాన్న నాణెం తిప్పమన్నచోటల్లా నా చేత్తోనే పూడ్చాను.

బద్దలకి రంగు రేపు వేస్తానన్నాను.

నవంబరు 6

రంగు వేయలేదు. వేయబుద్ధి కాలేదు. రేపు.

నవంబరు 8

పెట్టె సర్దాను. చిత్రిక అడుగున పెట్టాను.

నవంబరు 9

మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. మళ్ళీ దుమ్మేనని కిటికీ వేశాను. దుమ్ము కాదు.

వాసన ముందొచ్చింది. తర్వాత చప్పుడు. వరండాలోకి పరిగెత్తాను. అన్ని వాటాల్లోంచి జనం బయటికొచ్చారు. పెద్దవాళ్ళు చేతులు చాపి నిలబడ్డారు, పిల్లలు భయపడి తల్లుల వెనక దాక్కున్నారు. వాన అడ్డంగా కొడుతోంది, వరండాలో గోడలూ తలుపులూ మనుషులూ అన్నీ తడిసిపోతున్నాయి. నేను కదల్లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయేదాకా అక్కడే నిలబడ్డాను. కింద వాచ్‌మన్ తలెత్తి నన్ను చూసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వెటకారమో భక్తో తెలియలేదు. నేనూ పెట్టాను.

ఆవిడ తడిసి ముద్దై వచ్చింది. రోడ్డంతా ఏరైందట, సగం దూరం నడిచొచ్చింది. తను తల తుడుచుకున్నాక మళ్ళీ ఇద్దరం వరండాలోకి వెళ్ళాం. పొద్దుపోయినా వాన తగ్గలేదు. రేపు సాయంత్రం నా విమానం.

నవంబరు 10

ఇవాళ చాలా రాయాలి.

పొద్దున్నే పక్క వాటాలోంచి దబదబమని చప్పుడు. అక్కయ్య లోపలినుంచి తలుపు కొడుతోంది. తమ్ముడూ, నీ తలుపు నన్ను బయటికి పోనివ్వడం లేదు, అంది.

చూడగానే తెలిసిపోయింది. రాత్రంతా జల్లు కొట్టిన కర్ర. రంగు వేయని బద్దలు, పచ్చి చెక్క, దప్పికగొన్నట్టు నీళ్ళు తాగి ఉబ్బాయి. రెక్క ద్వారబంధంలో మేకు దిగగొట్టినట్టు బిగుసుకుపోయింది. నా నాణెం సందు ఉండుంటే హాయిగా తెరుచుకునేది. ఆ సందు పూడ్చిందెవరు? నేనే. మొదటి ముసురుకే బిగుసుకుంటుందని చిన్నప్పటినుంచీ విన్నవాణ్ణి నేనే. ఊరు నవ్విందని నా తలుపుని నేనే మార్చాను. ఊరిని తిట్టాలని నోరు తెరిచాను గానీ, తిట్టడానికి ఎవరూ కనబడలేదు.

భుజం ఆనించి నెట్టాను. కదల్లేదు. బందులు లోపలి వైపు ఉన్నాయి, ఊడదీసే దారి లేదు. గడియ వైపు అడుగున బిగిసిందని చేతితో తడిమి కనిపెట్టాను. మా తలుపు తీసుకుని ఆవిడ వచ్చింది, ఆఫీసు బస్సు రాదు ఇవాళ. చూసింది, చీర కుచ్చిళ్ళు దోపింది, నా పక్కన భుజం ఆనించింది.

"ఎక్కడ నెట్టాలో చెప్పు బావా."

కింద మూల అన్నాను. అక్కయ్యని లోపల గడియ పట్టుకుని లాగమన్నాను. ఒకటి, రెండు అన్నాను. మూడు అనేలోపే ఆవిడ నెట్టేసింది. ఆవిడెప్పుడూ అంతే. తలుపు కెవ్వుమని తెరుచుకుంది, ఇద్దరం లోపలికి పడ్డాం, నేను అక్కయ్య కాళ్ళ దగ్గర, ఆవిడ నా మీద. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. లేవలేక, ఊపిరాడక, నా భుజం కొడుతూ నవ్వింది. ఈ ఊరొచ్చాక ఆవిడ అలా నవ్వగా నేను వినలేదు. నేనే విననివ్వలేదేమో.

అక్కయ్య మా ఇద్దరినీ చూసి, మొత్తానికి లోపలికొచ్చారు, అంది. తన తలుపు సంగతే అంది. ఆవిడ నవ్వు టక్కున ఆపి నా మొహం చూసింది. నేను నేల వైపు చూశాను.

పెట్టె విప్పి చిత్రిక తీశాను. సర్దిన బట్టలన్నీ బయట పడ్డాయి, పడనీ. తడి చెక్క మీద చిత్రిక పట్టకూడదంటారు, పీచు లేస్తుంది. పట్టాను. బద్దలు ఉలితో ఊడగొట్టి, అంచు సాపు చేసి, జేబులోంచి నాణెం తీసి చుట్టూ తిప్పాను. తలుపు మళ్ళీ నాదైంది. వరండా అంతా తడి చెక్క పొట్టు, దాని వాసన. పక్క వాటాలవాళ్ళు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ అట్టతలుపులు అడుగున నాని పొరలు విచ్చుకున్నాయి. "వానకాలం మేస్త్రిగారూ, మాది కూడా కాస్త చూడండి" అన్నారొకరు. గారూ అన్నారు.

అయితే దుమ్ము సంగతి? రేపట్నుంచి మళ్ళీ ఎండే, కర్ర మళ్ళీ కుంచించుకుపోతుంది. అక్కయ్య నోరెత్తి అడగలేదు. అడగకపోవడమే అన్నిటికంటే కష్టంగా ఉంది. నేనే నోరు విప్పి, మీ కారు తలుపు చుట్టూ ఉంటుందే రబ్బరు, అలాంటిది పాతది ఏమైనా పడుందా అని అడిగాను. అక్కయ్య సీసా మూత మాట ఎత్తలేదు. మంచి మనిషి. లోపలికెళ్ళి చుట్టచుట్టిన రబ్బరు తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ద్వారబంధానికి లోపలి వైపు కొట్టాను. సందు ఉంది, వానకి. సందుని మూసేది మెత్తగా ఉంది, దుమ్ముకి. చెక్క ఉబ్బితే నలుగుతుంది, ఎండితే మళ్ళీ సాగుతుంది. నాన్న చూస్తే తిట్టేవాడు. తర్వాత తనూ వాడేవాడు.

విమానం రద్దయింది. ఇంకో వారంలో ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొచ్చని కబురు పంపారు. ఆవిడ ఫోను నా చేతికిచ్చింది, ఎప్పటికి చెయ్యమంటావో నువ్వే నొక్కు అంది. నేను నొక్కలేదు. పక్కన పెట్టి, మిగతా తలుపుల రబ్బరుకి మేకులు ఎక్కడ దొరుకుతాయని అడిగాను.

నవంబరు 13

బావమరిది ఫోన్ చేశాడు. పెద్దింటివాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఎప్పుడొస్తున్నావు బావా అన్నాడు. పెద్ద చిత్రిక, చిల్లులు పెట్టే బరమా, రంపాలు, నాన్న కొయ్యసుత్తి, అన్నీ గోనె చుట్టి పంపించమన్నాను. షెడ్డు ఎవరికైనా అద్దెకిచ్చెయ్యమన్నాను. అక్కడ నీకు బాగుందా బావా అని అడిగాడు.

బాగుండడమేమిటి, చచ్చే ఎండ అన్నాను. చెక్క పిప్పైపోతుంది, కుళాయిలు తిరగబడ్డాయి, ఒక్క చెట్టు లేదు, జనానికి తలుపంటే ఏమిటో తెలియదు. నేర్పాలి అన్నాను.

నవంబరు 14

పొద్దున ఆవిడని ఆఫీసు బస్సు దాకా దింపాను. బస్సు కదిలేదాకా ఉండి, అడితికెళ్ళి వాచ్‌మన్ గది తలుపుకి కర్ర చూసుకుని, ఎండ ముదరకముందే ఇంటికొచ్చాను.

పైన ఇంటికని రాశాను. ఇప్పుడే చూసుకున్నాను. కొట్టేయను. ఎవడికి భయం!